మలక్‌పేట గుర్రాలూ, మా మామిడి పూతా

మామిడి సీజనులో మలక్‌పేటలో గుర్రాలు పరిగెత్తవు. హైదరాబాదు రేసులు రెండు విడతలుగా జరుగుతాయి, వానాకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో గ్రౌండు ఖాళీ. అయినా సరిగ్గా ఆ రెండు నెలల్లోనే నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేటల నుంచి కాయ తీసుకెళ్ళిన లారీల వెంట వెళ్ళినవాళ్ళు కొందరు మలక్‌పేట గేటు దాకా పోయేవాళ్ళు. ఊటీలోనో బెంగళూరులోనో గుర్రాలు పరిగెత్తుతుంటే ఇక్కడ టీవీలో చూస్తూ పందెం కట్టేవాళ్ళు. ఒక ఊరి రేసు మీద ఇంకో ఊళ్ళో పందెం కట్టించుకునే ఏర్పాటు మన రేసు క్లబ్బుల మధ్య చాలాకాలంగా ఉంది. కాబట్టి ఎండాకాలంలో మలక్‌పేట అంటే గుర్రాల్లేని గుర్రప్పందేలు.

మా బాబాయి ఆ కొందరిలో ఒకడు. మొదట్లో లారీ మొజంజాహీ మార్కెట్టుకి పోయేదట. నాకు తెలిసి మాత్రం కొత్తపేట. విజయవాడ రోడ్డు మీద కొత్తపేట దాటితే దిల్‌సుఖ్‌నగర్, అదీ దాటితే మలక్‌పేట. కాయ దించి పట్టీ చేతికొచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని సిటీ బస్సు ఎక్కేవాడు. ఇదేం రహస్యం కాదు. పిన్నికి తెలుసు. "వాడికి సిగరెట్టు లేదు, మందు లేదు, ఈ ఒక్కటేగా" అని నాన్న సర్దిచెప్పేవాడు. బయల్దేరేటప్పుడే ఇంతని లెక్కపెట్టి రుమాల్లో వేరే ముడి వేసుకునేవాడు బాబాయి. ఆ ముడి ఖాళీ అయితే లేచి వచ్చేయడమే. నేను చూసినంతలో ఆ నియమం తప్పలేదు.

ఆయనకిప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు పాత లెక్కల పుస్తకాలు ఒక సంచీ నిండా తెచ్చి నా ముందు పెట్టాడు. "లెక్కలోడివి కదరా, నా లెక్క చూసిపెట్టు. మొత్తం మీద ఎంత పోయిందో నాకు తెలుసు. ఎవడికి పోయిందో తెలీదు." ముప్ఫై ఏళ్ళుగా ఆడిట్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి నేను. ఇంత తిన్నగా ప్రశ్న అడిగిన క్లయింటు నాకు తగల్లేదు.

ఆ పుస్తకాల్లో ఎడమ పేజీ మామిడిది, కుడి పేజీ రేసులది. ఎడమ పేజీలో కాయ రకం, తూకం, రేటు, ఆ కింద వరసగా కోతలు: కమీషన్, తరుగు, హమాలీ, లారీ కిరాయి, గడ్డి, డ్రైవరు బత్తా. కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. కానీ ప్రతి కోతకీ ఒక పేరుంది, పక్కన అంకె ఉంది. కుడి పేజీలో తేదీ, ఊరు, రేసు నెంబరు, గుర్రం పేరు, జాకీ, మోసిన బరువు. చివర రెండే గడులు: కట్టింది, వచ్చింది. ఆ రెంటికీ మధ్య ఏ కోతా లేదు. కోత లేక కాదు, అది ఆయనకి కనపడక.

గుర్రప్పందెం తెలియనివాళ్ళు అందులో అంతా మోసమే, ఏదీ బయటికి చెప్పరు అనుకుంటారు. గుర్రం విషయంలో అది నిజం కాదు. రేసు పుస్తకం కొని చూడండి. గుర్రానికి తండ్రి ఎవరు, తల్లి ఎవరు, వయసెంత, యజమాని ఎవరు, తర్ఫీదు ఇచ్చేదెవరు, ఇంతకుముందు ఏ దూరంలో ఎన్నోది వచ్చింది, ఇవాళ ఎన్ని కిలోలు మోస్తోంది, అన్నీ అచ్చులో ఉంటాయి. పొద్దున పూట ప్రాక్టీసులో ఎంత సేపట్లో పరిగెత్తిందో కూడా రాస్తారు. రేసు ముందు గుర్రాన్ని పాడక్‌లో అందరి ముందూ నడిపిస్తారు. గీత దగ్గర తేడా తెలియకపోతే ఫోటో చూస్తారు. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని వివరాలు ఎవరూ ఇవ్వరు.

బాబాయికి నచ్చింది ఇదే. ఎందుకంటే ఆయన వచ్చిన చోట అసలు వ్యాపారమే ఒక పందెం, పైగా పుస్తకం లేని పందెం. మా వైపు తోటలు పూత మీద అమ్ముతారు. పిందె కనపడకముందే వ్యాపారి వచ్చి, గట్ల మీద నడిచి, తల పైకెత్తి చూసి తోట మొత్తానికి ఒక అంకె చెప్తాడు. తర్వాత తేనెమంచు పురుగు పడినా, కాయ ఎదిగే వేళ గాలిదుమారం వచ్చి రాల్చినా నష్టం అతనిది, రేటు పెరిగితే లాభమూ అతనిది. మాట వరసకి అంతే. రేటు పడిపోయిన ఏడు మాత్రం తగ్గించమని వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. పూత మీద అమ్మకుండా సొంతాన కోయించి లారీకెత్తినవాడికి ఇంకో రకం పందెం. అక్కడ ఏ రేటు పలుకుతుందో లారీ దిగేదాకా తెలియదు. ఒకప్పుడు కొన్ని కొట్లలో తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి బేరం తేల్చేవాళ్ళు. కాయ ఎవరిదో వాడు మాత్రం తువ్వాలు బయట నిలబడేవాడు.

"మన బంగినపల్లికి తండ్రెవరో తల్లెవరో ఎవడు అచ్చేస్తాడ్రా? ఆ గుర్రానికి అచ్చేస్తారు" అనేవాడు బాబాయి.

గెలిచిన గుర్రానికి తర్వాతి రేసులో బరువు పెంచే హ్యాండికాప్ పద్ధతి ఆయనకి ఇట్టే అర్థమైంది. నిరుడు విరగకాసిన చెట్టుకి ఈ ఏడు కాపు తగ్గుద్ది, అక్కడ బరువు వేసేది దేవుడు, ఇక్కడ క్లబ్బోళ్ళు అని చెప్పేవాడు. చెట్టు చూసి కాపు చెప్పగలిగే కన్ను గుర్రానికీ పనికొస్తుందని ఆయన నమ్మకం. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని తీర్పు చెప్పినప్పుడు ఆ పేపరు ముక్క కత్తిరించి పుస్తకంలో అంటించుకున్నాడు. పిన్నికి చూపించడానికేనని నా అనుమానం.

ఇక కోత సంగతి. రేసు కోర్సులో బుకీలు రేటు చెప్పి పందెం తీసుకుంటారు. అది వాళ్ళకీ మనకీ మధ్య బేరం. రెండోది టోట్. చిన్న పందెగాళ్ళలో చాలామంది కట్టేది ఇక్కడే, బాబాయి కూడా. టోట్‌లో రేటు ఎవరూ చెప్పరు. ఒక రేసు మీద అందరూ కట్టిన డబ్బు ఒక కుండలో పడుతుంది. అందులోంచి క్లబ్బు తన వాటా, ప్రభుత్వం తన పన్ను తీసేసుకున్నాక మిగిలింది గెలిచినవాళ్ళకి పంచుతారు. బోర్డు మీద కనపడే డివిడెండు అన్నీ పోగా మిగిలినది. అంటే రేసు ఆడేవాడు ఆడుతున్నది క్లబ్బుతో కాదు, పక్కన నిలబడ్డవాడితో. క్లబ్బుకి ఏ గుర్రం గెలిచినా ఒకటే. ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో పుట్టింది, నిజానికి చాలా మర్యాదైన పద్ధతి. కోత ఎంతో అందరికీ తెలిసినంతకాలం.

బాబాయికి అర్థం కావడానికి ఒక కాగితం మీద లెక్క వేశాను. నూటికి పాతిక తెగుతోందని అనుకుందాం. వంద రూపాయలతో మొదలుపెట్టి, వచ్చినదంతా మళ్ళీ కడుతూ పోతే, సగటు మనిషికి మొదటి రేసు తర్వాత మిగిలేది 75. రెండో దానికి 56. మూడోదానికి 42. ఆరో రేసు అయ్యేసరికి 18 రూపాయలు. ఒకడికి వెయ్యి రావచ్చు, పది మందికి సున్నా రావచ్చు, సగటు మాత్రం ఇది. మధ్యాహ్నం రుమాలు నిండుగా వెళ్ళి సాయంత్రం టీ డబ్బులతో తిరిగి రావడానికి దురదృష్టం కారణం కానక్కర్లేదు. గుణకారం చాలు.

బాబాయి ఆ కాగితం చాలాసేపు చూశాడు. "మార్కెట్లో పది శాతం కమీషన్‌కే మనం కొట్లాడాం కదరా" అన్నాడు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. గుర్రప్పందెం 28 శాతం గదిలో పడింది. అంతకుముందు రాష్ట్రాలు వేసే పందెపు పన్ను ఉండేది. ఇప్పుడు వచ్చిన తేడా శాతంలో మాత్రమే కాదు, దేని మీద ఆ శాతం అన్నదాంట్లో. క్లబ్బుకి ఆదాయం అంటే కుండలోంచి తీసుకునే వాటా. పన్ను దాని మీద వేస్తే ఒక సంగతి. కాదు, కుండలో పడిన ప్రతి రూపాయి మీదా వేస్తామన్నారు. బెంగళూరు టర్ఫ్ క్లబ్బు కోర్టుకి వెళితే 2021 జూన్‌లో కర్ణాటక హైకోర్టు, టోట్‌లో క్లబ్బు చేతికొచ్చేది కమీషనే కాబట్టి పన్ను దాని మీదే ఉండాలని చెప్పింది. మిగతా డబ్బు కాసేపు క్లబ్బు దగ్గర దాచి ఉంచినది, అంతే. మామిడి భాషలో చెప్పాలంటే, కమీషన్ కొట్టువాడికి వేయాల్సిన పన్ను లారీ లోడు మొత్తం మీద వేయడం కుదరదని. తర్వాత చట్టాన్నే మార్చారు. 2023 అక్టోబరు 1 నుంచి కట్టిన మొత్తం మీద 28 శాతం అని స్పష్టంగా రాసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. రేసు కోర్సులోకి అడుగుపెట్టే ప్రవేశ రుసుము మీదా అంతే. పాన్ మసాలా, సిగరెట్టు వరసలో కూర్చోబెట్టారు.

మళ్ళీ కాగితం తీశాను. పందెం వంద, దాని మీద పన్ను నలభై, జేబులోంచి పోయేది 140. క్లబ్బు వాటా పదిహేను అనుకుంటే పంచడానికి మిగిలేది 85. కట్టిన 140కి తిరిగొచ్చేది 85, అంటే నూటికి అరవై. దీన్ని ఆరు రేసులు తిప్పితే వంద కాస్తా ఐదు రూపాయల దగ్గరికి వస్తుంది. ఇందులో ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు, ఏ గుర్రాన్నీ ఆపనక్కర్లేదు, ఏ జాకీకీ లంచం ఇవ్వనక్కర్లేదు. రేసు నిజాయితీగా జరిగితేనే ఇంత పోతుంది.

గెలిచినప్పుడు ఇంకో కోత. ఆదాయపు పన్ను చట్టంలో రేసు గెలుపుకి విడి లెక్క. పది వేలు దాటితే కిటికీ దగ్గరే 30 శాతం పట్టుకుని మిగిలింది ఇస్తారు. 2016 దాకా ఆ హద్దు ఐదు వేలే. మనకి వేరే ఆదాయం లేదు, పన్ను కట్టేంతవాళ్ళం కాదు అన్నా ఆ ముప్ఫై తిరిగి రాదు. పోయినదాన్ని వచ్చినదాంట్లోంచి తీసివేసుకోవడానికి కూడా వీల్లేదు. అంటే ఏడాదంతా యాభై వేలు పోగొట్టుకుని ఒక రోజు ఇరవై వేలు గెలిస్తే, చట్టం దృష్టిలో నువ్వు ఇరవై వేలు సంపాదించినవాడివి. మామిడి తోట ఆదాయం మీద అదే చట్టం రూపాయి అడగదు. బాబాయి ఈ రెండు సంగతుల్నీ ఒకే బుర్రలో పెట్టుకోలేకపోయేవాడు. ఒకసారి జాక్‌పాట్‌లో చిన్న వాటా తగిలింది, ముప్ఫై శాతం పోగా చేతికొచ్చింది. రాత్రి ఫోన్ చేశాడు.

"ఒరే, వచ్చినప్పుడు ముప్ఫై పైసలు పట్టుకుంటే పట్టుకున్నారు. పోయినప్పుడు ముప్ఫై పైసలు ఇచ్చే కిటికీ ఎక్కడుందో కనుక్కో."

జూదం మీద పన్ను ఎక్కువ వేస్తే తప్పేంటి అనేవాళ్ళున్నారు. మా ఇంట్లోనే ఉంది, పిన్ని. ఆమె మాట నేను కొట్టిపారేయను. రేసుల్లో తోటలు పోగొట్టుకున్నవాళ్ళని మా ప్రాంతంలో ఆమె నాకన్నా ఎక్కువ చూసింది. మానిపించడమే ఉద్దేశమైతే మానిపించండి, అదొక విధానం. ఆట సాగాలి, క్లబ్బు నడవాలి, ఖజానా నిండాలి, ఆడేవాడికి మాత్రం తన రూపాయి ఎటు పోయిందో తెలియకూడదు అనడం విధానం కాదు. హాంకాంగ్‌లో కూడా పందెం మీద పన్ను మనకన్నా దయగా ఏమీ ఉండదు, 70 శాతం దాటుతుంది. అయితే 2006 నుంచి వాళ్ళు ఆ పన్ను వేస్తున్నది కట్టిన మొత్తం మీద కాదు, పంచగా మిగిలినదాని మీద. అక్కడి జాకీ క్లబ్బు లాభం పంచుకోని సంస్థ, ఎంత వచ్చింది ఎంత పంచాం ఎంత దానధర్మాలకి ఇచ్చాం అని ఏటా నివేదిక అచ్చేస్తుంది. మామూలు జనం గేటు రుసుము పది డాలర్లు, వాళ్ళ డాలర్లే. మన వంద రూపాయలకి అటూ ఇటూ. అది చూస్తే క్లబ్బు ఎవర్ని లోపలికి రమ్మంటోందో తెలుస్తుంది.

మన దగ్గర క్లబ్బు అంటే ఏమిటి? మౌలాలీలో జరిగే రేసుల్ని 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహబూబ్ మాన్షన్‌కి దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకి తెచ్చుకున్నాడు. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్బు సొసైటీగా రిజిస్టరైంది. అంటే పుట్టుకతో అది రాజుగారి వేడుక, కాగితాల మీద సభ్యుల సొసైటీ, పనిలో మాత్రం ఒక పెద్ద వ్యాపారం. పరిగెత్తించేది క్లబ్బు. టోట్‌లో పందెం కట్టించుకునేది క్లబ్బు. బుకీలకి చోటు ఇచ్చి రుసుము తీసుకునేది క్లబ్బు. జాకీకి, ట్రైనరుకి లైసెన్సు ఇచ్చేది క్లబ్బు. రేసులో తప్పు జరిగిందంటే విచారణ చేసే స్టీవార్డులు కూర్చునేది క్లబ్బులోనే. మన దేశంలో పెద్ద క్లబ్బులన్నీ ఇలాగే, ఎవరికి వారే టర్ఫ్ అథారిటీ. బ్రిటన్‌లో మైదానం నడిపేవాళ్ళు వేరు, నియమాలు చూసే సంస్థ వేరు. 2007లో బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ఏర్పడింది ఆ పనికే. అలా విడదీస్తే అంతా పవిత్రమైపోతుందని కాదు. కనీసం ఫిర్యాదు పట్టుకుని వెళ్ళడానికి ఇంకో తలుపు ఉంటుంది.

ఇది రాస్తుంటే నాకు కమీషన్ కొట్టే గుర్తొస్తోంది. పూత వేళ అప్పు ఇచ్చేదీ వాళ్ళే, కాయ తూచేదీ వాళ్ళే, వేలం పాడించేదీ వాళ్ళే, తరుగు ఎంతో తేల్చేదీ వాళ్ళే. చెడ్డవాళ్ళని కాదు. మా నాన్న ఆపరేషనుకి అర్ధరాత్రి డబ్బు పంపినవాడు ఒక కమీషన్ ఏజెంటే. అయినా తూచేవాడూ కొనేవాడూ ఒకడే అయితే వాడి మంచితనం మీదే మనం బతకాలి.

సంక్రాంతి బరుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వైపు కుర్రాళ్ళకి గుర్రాలకన్నా అవే దగ్గర. కోడిపందెం చట్టవిరుద్ధం, కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. మూడు రోజులు అయ్యేవీ అవుతూనే ఉన్నాయి. నా చిన్నప్పుడు మామిడి తోటలో ఒక చదునైన చోటు, చుట్టూ మనుషులు, అంతే. ఇప్పుడు షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, బండి పెట్టుకోవడానికి రుసుము, పెద్దవాళ్ళకి సోఫాలు. ఖర్చు పెరిగేకొద్దీ చూడ్డానికి వచ్చేవాడి మీద పడే భారమూ పెరిగింది. అయినా ఒక్కటి గమనించాను. బరిలో నిర్వాహకుడి వాటా ఎంతో పందెం మొదలవకముందే అందరికీ తెలుసు. నచ్చకపోతే పక్క ఊరి బరికి పోతారు. చట్టం ఒప్పుకోని ఆటలో కోత అందరికీ తెలుసు, చట్టం ఒప్పుకున్న ఆటలో తెలియదు.

చట్టం ఒప్పుకోవడం గురించి ఇంకో చిన్న తమాషా. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో. 2017లో తెలంగాణ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. గుర్రం మాత్రం మలక్‌పేటలో పరిగెత్తుతూనే ఉంది. దక్కన్ డెర్బీ మామూలుగా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు పెడతారు. ఎవరికి ఏది నైపుణ్యమో, ఎవరికి ఏది జూదమో తేల్చడంలో చట్టానికి తనదైన హ్యాండికాప్ పద్ధతి ఏదో ఉన్నట్టుంది.

రేసు క్లబ్బులు జీఎస్టీ తమని చంపేస్తోందంటాయి. నిజమే, జనం పలచబడ్డారు, వచ్చేవాళ్ళలో నెరిసిన తలలే ఎక్కువ. కానీ జనం తరఫున మాట్లాడేటప్పుడు ఆ క్లబ్బులు తమ లెక్క కూడా బోర్డు మీద పెట్టాలి కదా. ఈ మైదానాలు ఊరి నడిబొడ్డున ఉన్న భూములు. చెన్నైలో గిండీ మైదానం, 160 ఎకరాలు, ఏటా 614 రూపాయల పైచిలుకు అద్దెకి దశాబ్దాలపాటు నడిచింది. అద్దె పెంచామని ప్రభుత్వం, చెల్లదని క్లబ్బు. చివరికి బకాయి వందల కోట్లు అయిందని 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసింది. అదే ఏడు అక్టోబరు 5న సింగపూర్ టర్ఫ్ క్లబ్బు ఆఖరి రేసు నడిపి మూసేసింది, ఆ భూమి ఇళ్ళకి కావాలంది ప్రభుత్వం. నలభై రూపాయల పన్ను కట్టే పందెగాడు, ఆరు వందల రూపాయల అద్దె కట్టే క్లబ్బు, ఒకే కంచె లోపల. మొదటివాడికి రెండో సంగతి తెలిసి ఉంటే గేటు దగ్గర కాస్త బేరమాడేవాడేమో.

కొత్తపేట మార్కెట్టు కూడా ఇప్పుడు అక్కడ లేదు. 2021లో ఊరి బయట బాటసింగారానికి తరలించారు. అక్కడ కాయ దింపినవాడికి మలక్‌పేట పక్క బస్సు స్టాపు కాదు, సగం రోజు ప్రయాణం. బాబాయి లారీ వెంట వెళ్ళడం అంతకుముందే మానేశాడు. నూజివీడు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మారిన 2022లో ఆయన ఆఖరిసారి టోట్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ తేదీ కుడి పేజీలో ఉంది. ఆ రోజు పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశాడు, "గవర్నమెంటు" అని పేరు పెట్టాడు. అందులో ఏమీ నింపలేదు. ఎంత రాయాలో ఎవరిని అడగాలో తెలియలేదన్నాడు.

ఇప్పుడు ఊళ్ళోకే వస్తున్నారు. నిరుడు చలికాలం మా వీధిలో కుర్రాడు ఒకడు ఫోన్ పట్టుకుని బాబాయి దగ్గరికొచ్చాడట. మలక్‌పేట రేటే ఇస్తాం, జీఎస్టీ లేదు, ముప్ఫై శాతం పట్టుకోవడం లేదు, గెలిస్తే సాయంత్రానికి ఇంటికే డబ్బు తెచ్చిస్తాం అన్నాడు. నూటికి నలభై పన్ను వేసినప్పుడు ఆ నలభై ఖజానాకే వెళుతుందని ఢిల్లీలో అనుకుని ఉంటారు. అందులో ఎంత ఈ కుర్రాడి ఫోనులోకి వెళుతోందో లెక్కపెట్టే పుస్తకం ఎవరి దగ్గరా ఉండదు. పూత మీద తోట అమ్మిన డబ్బు జనవరిలో చేతిలో ఉంటుంది. చలికాలం రేసులూ అప్పుడే. ఆ కుర్రాడికి ఈ రెండూ తెలుసు. మా ఊళ్ళో ఇరవై ఐదేళ్ళవాళ్ళు ముగ్గురు నలుగురు అతని దగ్గర కడుతున్నారని పిన్ని చెప్పింది. వాళ్ళలో ఎవరికీ రుమాల్లో ముడి లేదు. ఫోనుకి ముడి వేయడం ఎలాగో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

బాబాయి ఆ కుర్రాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "రసీదు ఇస్తావా అబ్బాయ్?" అని అడిగాడట.

"నమ్మకం తాతా, రసీదు ఎందుకు."

"మామిడికాయల పట్టీకి కూడా నమ్మకమే అన్నారు మొదట్లో. కాగితం ఇచ్చాకే తరుగు ఎంతో కనపడింది నాకు. కాగితం ఉంటే చెప్పు, కడతాను."

కుర్రాడు మళ్ళీ రాలేదు.

రేసులు మాత్రం మానలేదు. మనవడు ఫోన్లో పెట్టి ఇస్తాడు, బాబాయి కళ్ళజోడు పైకి తోసి, గుర్రాలు పాడక్‌లో తిరుగుతుంటే కాళ్ళు చూస్తాడు. తర్వాత పుస్తకం తీసి కుడి పేజీలో తేదీ, రేసు నెంబరు, గుర్రం, జాకీ, బరువు రాస్తాడు. కట్టింది అన్న చోట సున్నా పెడతాడు. వచ్చింది అన్న చోట, నిజంగా కట్టి ఉంటే ఎంత వచ్చేదో రాసుకుంటాడు. మొన్న వెళ్ళినప్పుడు కూడి చూశాను. ఈ చలికాలం ఆయన నాలుగు వేల రెండు వందల లాభంలో ఉన్నాడు.